త్రవ్వకుండ దొరకు నిధి

నిధి యనగానే మన పల్లెలలో ముందుగా తలపునకు వచ్చునది గునపము. పాడుబడిన గుడిలోనో, కోటగోడ ప్రక్కనో లంకెబిందె లున్నవని ఎవరో చెప్పుదురు. అమావాస్యనాటి రాత్రి ఎవరో వచ్చి త్రవ్వుదురు. తెల్లవారునప్పటికి నంది తల విరిగి యుండును. బిందెలు మాత్రము దొరకవు. ఇట్టి వార్తలు నేటికిని పత్రికలలో వచ్చుచునే యున్నవి. గునపముతో పనిలేని నిధివేట యొకటి ఇప్పుడు పెక్కు దేశములలో వ్యాపించి యున్నది. అది ఎట్టిదో, సత్తెనపల్లి ప్రాంతపు పాఠశాలలవారు దానిని అమరావతి గ్రామమున ఎట్లు ఆడవచ్చునో ఈ పాఠమున వివరింపదలచినాము.

ఈ ఆటకు జియోకాచింగ్ అని పేరు. ఇసుకగట్టులో పుల్లను దాచి తోటివానిచే వెదకించు ఆట మన పిల్ల లెరిగినదే. ఇదియు అట్టిదే గాని, ఇందు ఇసుకగట్టునకు బదులు భూగోళ మంతయు ఆటస్థలము. ఉపగ్రహముల సాయముతో మనము నిలిచిన చోటును తెలుపు పరికరములు పూర్వము సామాన్యుల చేతిలో నూరు మీటర్ల వరకు తప్పు చూపుచుండెడివి. అమెరికా ప్రభుత్వమే తన సంకేతములను బుద్ధిపూర్వకముగా చెరచుట ఇందులకు కారణము. 2000వ సంవత్సరము మే 2వ తేదీన ఆ పద్ధతిని మానివేసినారు. మరునాడే డేవ్ అల్మర్ అను నతడు ఆరిగన్ రాష్ట్రమున ఒక బకెట్టును దాచి, అది యున్న చోటు అంకెలను ఇంటర్నెట్టులో ప్రకటించెను. బకెట్టులో ఒక పుస్తకము, పెన్సిలు, కొన్ని చిల్లర సామానులు, ఒక చిక్కుడుగింజల డబ్బా ఉండెను. ఒక వస్తువు తీసికొన్నవారు మరియొకటి ఉంచి, పుస్తకమున పేరు వ్రాయవలెనని షరతు. మూడు దినములలోనే ఇద్దరు దానిని కనుగొనిరి. ఆ మొదటి బకెట్టు సగము భూమిలో పూడ్చబడి యుండెను. తరువాత ఆట పెరిగినకొలది, నేలను త్రవ్వి ఏదియు పూడ్చరాదను నియమము ఏర్పడినది.

అంకెలనగా అక్షాంశ రేఖాంశములు. ఇవి పట్టణవాసుల విద్య యని జంకవలసిన పనిలేదు. సర్వే నంబరు, సరిహద్దు రాయి, కొలత గొలుసు తెలిసిన రైతునకు ఈ లెక్క కొత్త కాదు. గ్రామ పటమున ప్రతి మడికి ఒక అంకె యున్నట్లు, భూమి మీద ప్రతి చోటికి రెండు అంకెలు కలవు. సత్తెనపల్లి సుమారు 16 డిగ్రీల 24 నిమిషముల ఉత్తర అక్షాంశమునను, 80 డిగ్రీల 9 నిమిషముల తూర్పు రేఖాంశమునను ఉన్నది. అమరావతి అంకెలు 16 డిగ్రీల 34 నిమిషములు, 80 డిగ్రీల 21 నిమిషములు. అనగా పది నిమిషములు ఉత్తరమునకు, పన్నెండు నిమిషములు తూర్పునకు. అక్షాంశపు నిమిష మొక్కటికి సుమారు 1,850 మీటర్లు. మన ప్రాంతమున రేఖాంశపు నిమిషము కొంచెము తక్కువ, 1,780 మీటర్లు. ఈ రెండు కొలతలతో లంబకోణ త్రిభుజము గీచినచో, కాకి ఎగిరిన దూరము ముప్పది కిలోమీటర్లకు కొంచెము లోపలనే వచ్చును. బస్సు దూరము ఇంతకంటె ఎందుకు హెచ్చో పిల్లలనే చెప్పుమనవలెను. నిమిషమును వేయి భాగములు చేసినచో ఒక్కొక్క భాగము రెండు మీటర్లకు లోపే. ఉపాధ్యాయుని చేతి ఫోనులో పటమును తెరచి, ఒక చోటున వ్రేలు నొక్కి పట్టినచో ఆ చోటు అంకెలు కనబడును. చెట్ల క్రింద, గోడల నడుమ ఫోను కొన్ని మీటర్లు తప్పు చూపవచ్చును. అక్కడ కన్నులతో వెదకవలసినదే.

ఈ ఆటకు అమరావతినే ఎంచుకొనుటకు కారణము కలదు. తూర్పున తుళ్లూరు ప్రాంతమున వెలసిన రాజధానికి తన పేరు నిచ్చిన పాత ఊరు ఇది. నేడు పల్నాడు జిల్లాలో సత్తెనపల్లి రెవిన్యూ డివిజనున చేరియున్నది. పద్దెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లిని విడిచి ఇచ్చట నూతన నగరమును కట్టించుచుండగా, పనివారికి రాళ్లు కావలసి వచ్చెను. ఊరి దక్షిణమున దీపాలదిన్నె యను పెద్ద దిబ్బ యుండెను. రాళ్ల కొరకును, లోపల నిధి యుండు ననెడి ఆశతోను దానిని త్రవ్విరి. బయటపడినది రెండువేల యేండ్ల నాటి బౌద్ధ మహాచైత్యము. చెక్కిన పలకలు మెట్లకును గోడలకును పోయినవి. కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. 1797లో కాలిన్ మెకంజీ యను సర్వే అధికారి ఆ దిబ్బను చూచెను. 1816లో ఆయన తిరిగి వచ్చునప్పటికి నడిమి భాగమును తొలిచి కోనేరుగా మార్చియుండిరి. అప్పుడాయన తనవారిచే మిగిలిన పలకల బొమ్మలు వ్రాయించెను. ఆ పలకలలో కొన్నింటికి నేడు ఆ బొమ్మలే ఆధారము. గ్రామ కరణముల నోట ఊరి చరిత్రలను కైఫియతులుగా వ్రాయించి కూర్చినదియు ఈ మెకంజీయే. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు మదరాసు చేరి, వానిలో పెక్కు 1859లో లండనుకు తరలినవి. కావుననే మన ఊరి శిల్పములను చూచుటకు చెన్నపట్టణపు ఎగ్మూరునకును, లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకును పోవలసి వచ్చుచున్నది.

ఇక నడక సంగతి. రక్షిత కట్టడముల చెంత ఏ పెట్టెయు దాచరాదని మా అభిప్రాయము. పెట్టె కొరకు వెదకు చేయి రాతిని కదల్చక మానదు. పెట్టెకు బదులు ప్రశ్నను దాచవలెను. చోటు అంకెలను మాత్రమిచ్చి, అచ్చటికి పోయి చూచినవారే చెప్పగల ప్రశ్న నడుగవలెను. ఈ పద్ధతియు ఆ ఆటలో ఒక భాగమే. మొదటి ప్రశ్న కృష్ణ యొడ్డున, పంచారామములలో నొకటియైన అమరేశ్వరాలయమున. అచ్చటి స్తంభముపై 1182 నాటి కోట కేతరాజు శాసనము కలదు. అందు అమరేశ్వరునికే గాక బుద్ధునకు కూడ దానములు చెప్పబడినవి. ఆలయాధికారి అనుమతితో ఆ స్తంభమును గుర్తించి, అది ఏ దిక్కున నున్నదో వ్రాయవలెను. రెండవది మహాచైత్యపు పాదు వద్ద: చుట్టు తిరిగి అడుగులు లెక్కించి, వ్యాసమును గణించవలెను. మూడవది పురావస్తు ప్రదర్శనశాలలో. చైత్యపు పలకలపైన చైత్యమునే చెక్కియుండిరి. కూలిన కట్టడము నిలిచియున్ననాడు ఎట్లుండెనో పండితులకు తెలిసినది ఆ పలకల వలననే. అట్టి పలక యొకటి కనుగొని, దానిలోని సింహముల నెంచవలెను. ప్రభుత్వ కాగితములపై కనబడు పూర్ణఘటమును కూడ రాతిలో వెదకవలెను. అచ్చటినుండి ధరణికోటకు నడువవచ్చును. ప్రాచీన ధాన్యకటకము అదియే. 1962-64 నడుమ జరిగిన త్రవ్వకములలో అచ్చట నదికి కలుపబడిన కాలువయు, ఓడరేవు కట్టడమును బయల్పడినవి. మట్టికోట గట్టు మిగిలిన చోట నిలిచి, నేడు నది యెంత దూరమున నున్నదో పిల్లలు అంచనా కట్టవలెను.

కఠినమైన ప్రశ్న కడపటిది. దీపాలదిన్నె వంటి పేర్లు కొన్ని పెద్దల నోటనే మిగిలియున్నవి. పొలమునకు, బావికి, మలుపునకు, మర్రిచెట్టునకు ఊరివారు పిలుచు పేర్లలో ఫోను పటమున లేని పేర్లను పిల్లలు వృద్ధుల నడిగి తెలిసికొని, చోటు అంకెలతో సహా పుస్తకమున ఎక్కింపవలెను. ఒక్క అవ్వ చాలును, అర పుస్తకము నిండును. మిరపకోతలకు, పత్తితీతకు నలుబది యేండ్లు తిరిగిన స్త్రీలకు పొలముల పేర్లు కరణమునకంటె బాగుగా తెలియును.

నడక ముగియు చోట పెట్టె లేనిదే పిల్లలు ఒప్పుకొనరు. మూతగల స్టీలు టిఫిను డబ్బా నొకదానిని, యజమాని సమ్మతితో ఏ దుకాణమునందో గ్రంథాలయమునందో ఉంచవలెను. పైన అది ఏమిటో, ఏ బడివారిదో తెలుగున స్పష్టముగా వ్రాసి, పంచాయతీకిని పోలీసు ఠాణాకును ముందే తెలుపవలెను. 2011లో ఇంగ్లాండునందలి వెదర్‌బీ పట్టణమున ఇట్టి డబ్బాను బాంబని భ్రమించి సైనికులు పేల్చివేసిరి. లోపల పుస్తకము, పెన్సిలు, గోళీలు, పాత నాణెములు ఉంచవచ్చును. తినుబండారములు చీమలను పిలుచును. మన సీమలో మిరపకాయ ఎవరికైనను తోచును గాని అది అసలే వద్దు. చేయి పెట్టినవాడు కన్ను నులుముకొనును.

త్రోవలో ఏదైన పాత నాణెమో చెక్కిన రాతి ముక్కయో కంటబడినచో దానిని కదల్పక, చోటు అంకెలు వ్రాసికొని, ప్రదర్శనశాలవారికి తెలుపవలెను. 1878 నాటి చట్టము ప్రకారము భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరునకు తెలుపుట విధి. ప్రదర్శనశాల సెలవుదినమును ముందే విచారించి, మార్గశిర పుష్య మాసములలో, ఉదయము ఎండ ముదరకముందే బయలుదేరవలెను. ఇరువదిమందికి ఒక ఉపాధ్యాయుడు, ప్రతివారికి నీళ్ల సీసా ఉండవలెను. నదిలోనికి ఎవరిని దిగనీయరాదు.