అడగని సలహా

బేతాళ కథ వినని తెలుగు పిల్లలు తక్కువ. రాజు శవాన్ని భుజాన వేసుకొని శ్మశానం వైపు నడుస్తూ ఉంటాడు. ఆ శవాన్ని ఆవహించిన బేతాళుడు ఒక కథ చెప్పి, చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం పోతుంది, బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు.

సంస్కృతంలో ఈ కథలు 25. పదకొండో శతాబ్దిలో సోమదేవుడు వీటిని తన కథాసరిత్సాగరంలో చేర్చాడు. 1947 జూలైలో మద్రాసులో ‘చందమామ’ మొదలయింది. ఆ పత్రికలో బేతాళుడు 25 కథలతో ఆగలేదు. పాత చట్రంలో కొత్త కథలు అల్లి, దశాబ్దాల పాటు నెలనెలా వేశారు. చందమామ ఇప్పుడు వెలువడటం లేదు. అయినా పాత సంచికలు దొరికిన చోట పిల్లలు వాటిని వదలరు. చదివినవాళ్ళలో కొందరికి తామూ ఒక బేతాళ కథ రాయాలనిపిస్తుంది.

ఇష్టపడిన రచనను పట్టుకొని దానికి కొనసాగింపు రాయడం చిన్నతనం కాదు. నన్నయ అరణ్యపర్వాన్ని సగంలో విడిచాడు. తిక్కన దాన్ని ముట్టక విరాటపర్వం నుంచి రాశాడు. మిగిలిన భాగాన్ని పద్నాలుగో శతాబ్దిలో ఎర్రన పూరించాడు, అదీ నన్నయ పేరు మీదనే. ముందు కవి మీద అంత గౌరవం ఉన్నవాడు కనుకనే ఆ పని చేయగలిగాడు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. కోలారు జిల్లా క్యాసంబళ్ళిలో ఒక బడి గోడపత్రిక మీద ఎనిమిదో తరగతి అమ్మాయి తన బేతాళ కథను అతికించిందనుకుందాం. కథ ఇది. కరువు కాలంలో అన్న తన ఎనుమును అమ్మి ఊరిబావి పూడిక తీయించాడు. తమ్ముడు రాత్రివేళ ఎవరికీ తెలియకుండా తన బావి నీళ్ళు తోడి, పొరుగింటి ముసలమ్మ తొట్టి నింపేవాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప దాత? తమ్ముడే అంటాడు రాజు. పేరు కోరకుండా ఇచ్చాడు గనుక.

విరామ సమయంలో పిల్లలు గుమిగూడారు. ఒక అబ్బాయి గట్టిగా చదివి, “ఎనుము ఏమిటి? గేదె అనాలి. శెనక్కాయలు ఏమిటి? వేరుశెనగలు అనాలి. నీళ్ళు అని రాయడం కూడా రాదు, నీల్లు అని రాసింది. చందమామలో ఇట్లా ఉంటుందా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది, ఏం చేయాలో తోచక.

సాయంత్రం బడి విడిచాక తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఆమెను పలకరించాడు.

“చెల్లెమ్మా, నీ కథ చదివినాను. చీకట్లో తొట్టి నింపే చోటు బాగుంది. ఒక మాట తోచింది, చెప్పొచ్చునా?”

“చెప్పన్నా.”

“తమ్ముడు ఎవరికీ తెలియకుండా నీళ్ళు ఇచ్చినాడని రాజు అంటాడు. కానీ అంతకు ముందే అంగడిలో శెట్టితో, ముసలమ్మ తొట్టి నేనే నింపుతున్నానని తమ్ముడు చెప్పినాడు కదా. అప్పుడు రాజు జవాబు నిలుస్తుందా?”

ఇద్దరూ అడగని సలహాయే ఇచ్చారు. మొదటివాడు మూడు తప్పులు చెప్పాడు, రెండోవాడు ఒక్కటే చెప్పాడు. ఆ ఒక్కటి కథకు ఆయువుపట్టు. బేతాళ కథలో రాజు జవాబు ఆకాశం నుంచి ఊడిపడకూడదు. ముందు జరిగిన సంగతులలోనే దాని మూలం ఉండాలి. అక్కడ పొరపాటు వస్తే మిగతాదంతా ఎంత బాగున్నా కథ నిలవదు. రెండోవాడు కథను కథగా చదివాడు కనుకనే అది అతని కంటబడింది. “చెప్పొచ్చునా?” అని అడగడం కూడా వట్టి మర్యాద కాదు. “ఇప్పుడు వద్దన్నా” అని ఆమె అని ఉంటే అతడు మాట మార్చి ఇంటికి పోవలసిందే. అడిగి, వద్దన్నా చెప్పేవాడు అడగనట్టే లెక్క.

కాళిదాసు, భవభూతుల కథ ఒకటి మనవాళ్ళు చెప్పుకుంటారు. వాళ్ళిద్దరూ ఒక కాలంవారు కారు కనుక ఇది కల్పనే. భవభూతి తన ‘ఉత్తరరామచరితం’ నాటకాన్ని కాళిదాసుకు వినిపించమని పంపాడట. కాళిదాసు చదరంగం ఆడుతూనే అంతా విని, చాలా బాగుంది, ఒక చోట సున్న ఒకటి ఎక్కువైంది అన్నాడట. సీతారాములు కబుర్లు చెప్పుకుంటూ రాత్రంతా గడిపిన ఘట్టం అది. ‘ఏవం’ అంటే రాత్రి ఇలా గడిచిందని అర్థం. సున్న తీసి ‘ఏవ’ అంటే రాత్రి మాత్రమే గడిచిందని, మాటలు ఇంకా మిగిలాయని అర్థం. భవభూతి ఆ సున్న తీసేశాడట. నాటకమంతటికీ చెప్పిన దిద్దుబాటు అది ఒక్కటే!

చందమామలో కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేదాకా పనిచేశాడు. బయటినుంచి వచ్చిన కథలను ఆయన చాలావరకు తిరగరాసి, పంపినవారి పేరుతోనే వేసేవాడని ప్రసిద్ధి. మరి మనం ఎందుకు తిరగరాయకూడదని మీరు అడగవచ్చు. అచ్చు వేయమని పంపిన కథ అది, ఆయన సంపాదకుడు. గోడ మీది కథను చదివేవాళ్ళం పాఠకులం మాత్రమే. (ఉపాధ్యాయులకూ ఈ మాట చెప్పాలి. ఎర్ర కలం చేతికి వస్తే కొందరికి ఆగదు.)

ఇక ఎనుము సంగతి. ఇది తప్పు మాట కాదు. నిఘంటువులో ఉంది, రాయలసీమలో పల్లెపల్లెనా వాడుతున్నారు. కన్నడంలో ఎమ్మె, తమిళంలో ఎరుమై దీనికి తోబుట్టువులు. మూడు భాషలూ చెవిన పడే మన జిల్లా పిల్లలకు ఈ చుట్టరికం పుస్తకం చూడకుండానే తెలుస్తుంది. 2007 వరకు కోలారు జిల్లాలో ఉండి, ఇప్పుడు చిక్కబళ్ళాపుర జిల్లాలో ఉన్న కైవారంలో నారేయణ యోగి తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు. ఆయన పాటలు ఈనాటికీ భజనల్లో వినబడుతున్నాయి. ఒక మాట మనకు కొత్తగా ఉంటే, “మీ ఇంట్లో ఇట్లా అంటారా?” అని అడగవచ్చు. నవ్వడం తగదు.

ఆ నవ్వు వల్ల జరిగే నష్టం గుంటూరులో కంటే ఇక్కడ ఎక్కువ. ఇక్కడ తెలుగు ఇంట్లో ఉంది. బస్సు పలక మీద కన్నడం, గనుల ఊరికి పోతే తమిళం. తెలుగులో రాయడానికి బడి తప్ప వేరే తావు చాలామందికి లేదు. ఆ పిల్ల నోటుపుస్తకం మూసేస్తే, తెరవమ్మా అని అడిగేవారు దొరకరు.

అయితే రాసినవారికీ ఒక బాధ్యత ఉంది. మోటుగా చెప్పినంత మాత్రాన మాట తప్పు కాదు. మొదటివాడు నవ్వులపాలు చేశాడు, నిజమే. కానీ ‘నీల్లు’ తప్పే. ఎనుము మీద అతని మాట తీసివేయవచ్చు, ళకారం మీద అతని మాట తీసుకోవాలి. కోపం వచ్చిన గంటలో ఈ రెండూ విడివిడిగా కనబడవు. ఒక రాత్రి గడవనివ్వాలి. వెంటనే ఏదో ఒకటి అనవలసి వస్తే “చూస్తాను” అంటే చాలు. నా కథ నీకు అర్థం కాలేదని వాదించడం దండగ. చదివినవాడికి అర్థం కాలేదంటే అదీ కథ గురించి ఒక సమాచారమే. మరో సంగతి. విన్న ప్రతి సలహానూ పాటించనక్కరలేదు. కథ రాసినవారిది.

మర్నాడు గోడ మీద కొత్త కాగితం కనబడింది. నీళ్ళు సరిగా రాసి ఉంది. అంగడిలో తమ్ముడు ఇప్పుడు ఉప్పు కొని, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోతాడు. ఎనుము మాత్రం ఎనుముగానే ఉంది.

అభ్యాసం

1. రెండో అబ్బాయి చెప్పిన లోపం ‘కథకు ఆయువుపట్టు’ అని ఎందుకన్నారు?
2. అమ్మాయి మొదటివాడి మాటల్లో దేన్ని తీసుకుంది, దేన్ని విడిచింది? మీరైతే ఏం చేసేవారు?
3. మీ ఇంట్లో వాడే మాటలు అయిదు రాసి, వాటికి దగ్గరి కన్నడ, తమిళ మాటలు తెలిస్తే పక్కన రాయండి.
4. మీకు నచ్చిన కథకు కొనసాగింపు ఒక పుటలో రాయండి. మిత్రునికి చూపే ముందు, సలహా కావాలో వద్దో మీరే చెప్పండి.