వరిమడి నీరు - గింజలోని పాషాణము

వరిపైరునకు నీరే ప్రాణము. మడి నిండుగా నున్నచో రైతు మనస్సు నిశ్చింతగా నుండును. కాని ఆ నిలువ నీరే కొన్ని నేలలలో గింజలోనికి విషమును చేర్చుననియు, ఎండలు ముదిరినకొలది ఆ విషము పెరుగుననియు విశ్వవిద్యాలయ పరిశోధనలు తెలుపుచున్నవి. ఆ విషము పేరు ఆర్సెనిక్. మన పెద్దలు పాషాణమని పిలిచినది దీనినుండి తయారైనదే.

దీనివలన కలుగు కీడు

1983లో పశ్చిమ బెంగాలు పల్లెలనుండి కొందరు రోగులు కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌కు వచ్చిరి. వారి చర్మముపై నల్లమచ్చలు, అరచేతులలోను అరికాళ్ళలోను గట్టి బుడిపెలు ఉండెను. గొట్టపు బావుల నీటిలోని ఆర్సెనిక్ ఇందుకు కారణమని తేలినది. నీటిలో కలిసిన ఈ విషమునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి శరీరమున చేరినచో చర్మము, ఊపిరితిత్తులు, మూత్రాశయములందు కేన్సరు కలుగవచ్చును. ఆ ప్రాంతములందు అట్టి బావుల నీటినే వరికి కట్టుటచే నేలలోనికిని, గింజలోనికిని ఇది చేరినది.

గింజలోనికి చేరు విధము

ఆరిన నేలలో ఆర్సెనిక్ ఇనుప తుప్పును అంటిపెట్టుకొని యుండును. నీరు ఎడతెగక నిలిచినపుడు నేలకు గాలి అందదు. గాలి లేనిచోట బ్రతుకు సూక్ష్మజీవులు ఆ తుప్పును కరగించును. అప్పుడు ఆర్సెనిక్ విడివడి నీటిలో కలియును.

వరికి కాండమును, ఊకను గట్టిపరచుకొనుటకు సిలికా అవసరము. నీట కరగిన ఆర్సెనిక్ సిలికాను పోలియుండుటచే, సిలికా వచ్చు దారినే వేరులో ప్రవేశించును. గోధుమ మొదలగు ధాన్యములకంటె వరిలో ఈ విషము ఎక్కువగా నుండుటకు కారణమిదియే.

పరిశోధనల ఫలితములు

అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియా మట్టిలో వరిని పెంచి, 2019లో ఫలితములను ప్రకటించిరి. వేడిమిని 5 డిగ్రీలు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును రెండింతలు చేసి చూడగా, దిగుబడి 39 శాతము తగ్గినది. గింజలోని హానికరమైన ఆర్సెనిక్ దాదాపు రెండింతలైనది. కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చైనా శాస్త్రజ్ఞులతో కలసి 10 సంవత్సరములు పొలములోనే 28 వరి రకములను పరీక్షించిరి. వేడిమి, బొగ్గుపులుసు వాయువు రెండును కలసి పెరిగినపుడు బియ్యములో ఆర్సెనిక్ పెరుగునని 2025లో తెలిపిరి. నేల వెచ్చబడినచో సూక్ష్మజీవుల పని వేగమగుట ఇందుకొక కారణము.

మన పొలములన్నిటిలోను ఈ విషము కలదని దీని భావము కాదు. బెంగాలు నేలలు వేరు, మన నేలలు వేరు. అయినను ముందుజాగ్రత్త మంచిది.

రైతులు చేయవలసినవి

1. బోరునీటిని పరీక్ష చేయింపుడు. ఆర్సెనిక్ పరీక్షయు కావలెనని ప్రత్యేకముగా కోరుడు. త్రాగునీటిలో ఇది లీటరునకు 0.01 మిల్లీగ్రాము మించరాదు.

2. ఆరుతడి పద్ధతిని అనుసరింపుడు. 30 సెంటీమీటర్ల పొడవుగల ప్లాస్టిక్ గొట్టమునకు దిగువ సగమున రంధ్రములు చేసి, ఆ సగమును మడిలో పాతి, లోపలి మట్టిని తీసివేయవలెను. నాటిన రెండు వారముల తరువాత, గొట్టములోని నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగినపుడు మాత్రమే మరల 5 సెంటీమీటర్ల నీరు పెట్టవలెను. ఈలోపల నేలకు గాలి సోకి ఆర్సెనిక్ తుప్పునంటియుండును. నీరు 30 శాతము వరకు ఆదా యగును. మడినుండి వెలువడి వాతావరణమును వేడిచేయు మీథేన్ వాయువును తగ్గును.

3. పూతకు ఒక వారము ముందునుండి, పూత తరువాత ఒక వారము వరకు మడిలో పలుచగా నీరు నిలుపవలెను. అప్పుడు ఎద్దడి కలిగినచో తాలుగింజలు ఎక్కువగును.

4. నేల బీటలు వారునంతగా ఎండనీయరాదు. మిక్కిలి ఆరిన నేలలో కాడ్మియమను వేరొక విషమును వరి పీల్చుకొనును. ఉప్పుచౌడు భూములకు ఈ పద్ధతి తగదు.

5. పూర్వము మన ఇండ్లలో ఎసరు ఎక్కువగా పోసి, గంజి వార్చెడివారు. బియ్యమునకు ఆరింతలు మంచినీరు పోసి వండి వార్చినచో, అన్నములో ఆర్సెనిక్ సగము వరకు తగ్గును. కొన్ని విటమినులును గంజితోపాటు పోవును గనుక, విషము కలదని తేలిన చోటనే ఇట్లు చేయుట మంచిది. అట్టి చోట ఆ గంజిని త్రాగరాదు.

బస్తా తూకము చూచుకొనునట్లే, బస్తాలోని బియ్యము మంచిచెడ్డలను గూడ చూచుకొనవలెను. మనము పండించిన గింజనే మన పిల్లలు రోజుకు రెండు మూడు పూటలు తినుచున్నారు. ఈ దాళ్వాలో, లేక యాసంగిలో, ఒక్క మడిలో గొట్టము పాతి చూడుడు. ప్రక్క మడితో దిగుబడిని, నీటి ఖర్చును పోల్చి, తృప్తి కలిగిన పిమ్మట మిగిలిన పొలమునకు విస్తరింపుడు.