సందేహాలు – సమాధానాలు: గీతలు చూపిస్తే రంగులేవంటున్నారు

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి వెబ్‌సైట్ చేస్తున్నాను. వైర్‌ఫ్రేమ్ (రంగులు, ఫొటోలు లేకుండా పేజీ అమరికను మాత్రమే చూపే గీత) పంపితే "ఇదేటి బాబూ, అన్నీ ఖాళీ డబ్బాలే? మా సరుకేది, రంగులేవి?" అంటున్నారు. ఎంత చెప్పినా ఓకే అనడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక డిజైనర్, కాశీబుగ్గ

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. మీరు పంపిన డబ్బాల్లో చోటు నింపడానికి వాడే లాటిన్ ముక్కలు పెట్టి ఉంటారు. అందులో ఆయన వ్యాపారం ఎక్కడుంది? తనకు తెలిసిందేదీ కనబడనప్పుడు మనిషి దేనికని ఒప్పుకుంటాడు?

ఆ డబ్బాల్లో ఆయన సరుకు పెట్టండి. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఆయన రోజూ అనే మాటలే రాయండి. పౌనుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెప్పే అంకెలవి. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. పలాసలో పిల్లలకైనా తెలిసిన ఈ సంగతి హైదరాబాద్‌లో ఫోన్ పట్టుకుని కొనే ఇల్లాలికి తెలియకపోవచ్చు. 320 అంటే 240 కన్నా మేలురకం అనుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకని పేజీలో ముందు గ్రేడు ఉండాలా, ధర ఉండాలా, గుండుకూ బద్దకూ తేడా చూపే ఫొటో ఉండాలా? ఈ ప్రశ్న ఆయన్నే అడగండి. ముప్పై ఏళ్లుగా కొనేవాళ్లతో మాట్లాడిన మనిషికి దీని మీద చెప్పడానికి చాలా ఉంటుంది. ఆ చర్చ మొదలయ్యాక రంగుల ప్రస్తావన దానంతటదే వెనక్కి పోతుంది.

పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపేసి జవాబు కోసం ఎదురుచూడకండి. దుకాణానికి వెళ్లండి. ఫిగ్మా లింకును ఆయన ఫోన్‌లోనే తెరిచి, "విశాఖలో ఉన్న మీ చెల్లెలుగారు అరకిలో తెప్పించుకోవాలంటే ఎక్కడ నొక్కుతారు?" అని అడిగి ఊరుకోండి. వేలు ఎక్కడ తడబడిందో అక్కడ మీ గీత సరిగా లేదన్నమాట. తెలుగు పేజీ కూడా ఉంటే వైర్‌ఫ్రేమ్‌ను తెలుగులోనే గీయండి. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు ఇరుకవుతుంది. ఆ సంగతి కోడింగ్ అయ్యాక బయటపడితే ఇద్దరికీ నష్టమే.

ఇంకొకటి. ప్యాకెట్ సరుకును ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు ఎంఆర్‌పీ, నికర బరువు, తయారీదారు పేరు, చిరునామా పేజీలోనే కనబడాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను కూడా ఇవ్వాలి. వీటికి ఇప్పుడే చోటు గీయకపోతే చివరికి ఫుటర్‌లో కనబడనంత చిన్న అక్షరాల్లో ఇరికించాల్సి వస్తుంది.

పొందూరు ఖద్దరు అమ్మే షాపు వారికి సైటు చేస్తున్నాను. వైర్‌ఫ్రేమ్‌కు వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టారు. అంతా కట్టాక బెంగళూరు నుంచి వాళ్లబ్బాయి వచ్చి మెనూ మొత్తం మార్చమంటున్నారు. ఆ బొటనవేలు చెల్లదా సార్?
— ఫ్రీలాన్సర్, విజయనగరం

ఇలాంటి తగువే కెనడాలో కోర్టు దాకా వెళ్లిందమ్మా. 2021లో ఒక రైతుకు కొనుగోలుదారు అవిసె గింజల ఒప్పందం ఫొటో పంపి ఖాయం చేయమంటే ఆయన బొటనవేలు గుర్తు పెట్టాడు. గింజలు ఇవ్వలేదు. కాగితం చేరిందని చెప్పడానికే పెట్టానన్నాడు. 2023లో సస్కాచెవాన్ కోర్టు అది అంగీకారమేనని తేల్చి 82,000 డాలర్లకు పైగా కట్టమంది. అంతకుముందు కూడా ఆ ఇద్దరూ "ఓకే" లాంటి పొట్టి జవాబులతోనే బేరాలు నడుపుకున్నారన్నది అక్కడ కీలకమైంది. మన దగ్గరా ఐటీ చట్టం 10ఏ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు.

కానీ ఇంత చిన్న పనికి మీరు కోర్టుకెక్కరు, ఎక్కకూడదు కూడా. అసలు లోపం వేరే చోట ఉంది. నిర్ణయం తీసుకునే మనిషికి మీరు వైర్‌ఫ్రేమ్ చూపించలేదు. మన వైపు కుటుంబ వ్యాపారాల్లో గల్లాపెట్టె దగ్గర నాన్నగారు కూర్చున్నా, "కంప్యూటర్ సంగతులు మావాడు చూస్తాడు" అంటారు. ఆ మావాడెవరో అడ్వాన్సు తీసుకునే రోజే అడగాలి. అతన్ని వీడియో కాల్‌లో కూర్చోబెట్టాలి.

తర్వాత గుర్తుతో సరిపెట్టకుండా మాటల్లో రాయించుకోండి. "హోమ్, చీరలు, చీర వివరం, మా గురించి, సంప్రదించండి. ఈ ఐదు పేజీల వైర్‌ఫ్రేమ్ రెండో వెర్షన్ చూశాం. పేజీల వరుస, బటన్లు, ఫారాలు ఇవే. రంగులు, ఫొటోలు తర్వాతి దశలో" అని మీరే పంపి, "ఒప్పుకున్నాం" అని జవాబు, కింద పేరు అడగండి. ఎన్ని విడతల మార్పులు ఉచితమో, ఆ పైన ఎంతో కోటేషన్‌లోనే ఉండాలి.

ఇప్పటి చిక్కుకు మాత్రం షాపు వారి భాషలోనే చెప్పండి: మగ్గానికి పడుగెక్కాక పన్నా పెంచమంటే నేతగాడు ఏమంటాడు? వాళ్లకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు. మార్పుకు ఎన్ని రోజులు, ఎంత ఖర్చు రాసిచ్చి, నిర్ణయం వాళ్లకు వదిలేయండి. అబ్బాయి చెప్పిన మెనూ నిజంగా మెరుగైతే ఆ మాట దాచకండి.

మాది బడి. డిజైనర్ వైర్‌ఫ్రేమ్ మీద సంతకం పెట్టమంటున్నాడు. నాకు ఇవేవీ తెలియవు. ఏం చూసి పెట్టాలి?
— కరస్పాండెంట్, రాజాం

అందంగా ఉందా అని చూడకండి, ఆ దశ ఇంకా రాలేదు. పిల్లవాణ్ని చేర్పించాలనుకునే తండ్రిలా చూడండి. ఫీజు, బస్సు వచ్చే ఊళ్లు, ఆఫీసు ఫోను నంబరు ఎన్ని నొక్కుల్లో దొరుకుతున్నాయి? ఫోన్ తెర కోసం వేరే గీశాడా? అడ్మిషన్ ఫారం నింపాక అది ఎవరికి చేరుతుంది, డబ్బు కట్టేటప్పుడు మధ్యలో ఆగిపోతే తెర మీద ఏమొస్తుంది? ఈ పేజీలు చాలామంది గీయరు, అడిగి గీయించుకోండి. ప్రతి పేజీలో సమాచారం ఎవరు ఇస్తారో, ఏటేటా ఎవరు మారుస్తారో పక్కన రాయించండి. అర్థం కాని డబ్బా ఒక్కటి మిగిలినా సంతకం ఆపండి. మంచి డిజైనర్ దానికి నొచ్చుకోడు.

బొబ్బిలి వీణలు చేసే మా బంధువుకు ఒక్క పేజీ సైటు. దానికీ వైర్‌ఫ్రేమ్ కావాలా?
— గొల్లపల్లి

కాగితం మీద పెన్సిలుతో గీస్తే చాలు. చేతిగీత చూసినవాళ్లు మొహమాటం లేకుండా "ఇది తీసెయ్యి" అంటారు, మనకు కావలసింది అదే. ఒక్కటి మాత్రం ముందే ఖాయం చేసుకోండి. వీణ కొనేవారు ఫొటో చూసి ఊరుకోరు, నాదం వినాలంటారు. ఆ ఆడియో బటన్ పేజీ పైనే ఉండాలి, దాని పక్కనే ఫోను నంబరు.