పాలు పితికేవేళ మెడ సంగతి



ఫిల్మ్‌నగర్‌లో సినిమాకు కత్తెర వేసే ఎడిటరుకూ, మన పల్లెలో తెల్లవారుజామునే గేదె పాలు పితికే తల్లికీ ఒక బాధ ఉమ్మడిగా ఉంటుంది. పని ముగిసేసరికి మెడ పట్టేసి, భుజం లాగుతుంది. ఈ పాఠంలో దాని కారణం తెలుసుకొందాం.

మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. అంటే దాదాపు 5 లీటర్ల పాల బరువు. పాల బాల్చీని ఒంటికి ఆనించి పట్టుకొంటే చాలాసేపు మోయగలం. చేయి చాచి పట్టుకొంటే కాసేపటికే భుజం వణుకుతుంది. బాల్చీ బరువు పెరగలేదు, దూరం పెరిగింది. తల సంగతీ అంతే. నిటారుగా ఉంటే బరువు చాలావరకు వెన్నుపూసల మీదుగా దిగిపోతుంది. ముందుకు వంచితే, తల వాలిపోకుండా మెడ వెనుక కండరాలు లాగిపట్టాలి. 2014లో న్యూయార్కు వెన్నెముక వైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ కట్టిన లెక్క ప్రకారం, తల 30 డిగ్రీలు వంగితే మెడపై భారం సుమారు 18 కిలోలు, 60 డిగ్రీలు వంగితే 27 కిలోలు.

మరి భుజం ఎందుకు నొస్తుంది? పుర్రె అడుగునుండి భుజాలకు, నడివీపుకు పరచుకొన్న ట్రపీజియస్ కండరం రెండు పనులూ చేస్తుంది. తలను నిలుపుతుంది, చేయి ఎత్తేటప్పుడు వీపు మీది రెక్క ఎముకను తిప్పుతుంది. మొదటి పనితోనే అలసిపోతే, క్యాను ఎత్తే పనికి సత్తువ చాలదు. నొప్పితో పితకడం సగంలో ఆపితే పొదుగులో పాలు మిగులుతాయి. రోజూ అలా జరిగితే దిగుబడి తగ్గుతుంది.

హైదరాబాదులో 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైంది. తరువాత జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లు చిత్రపరిశ్రమకు నిలయాలయ్యాయి. పూర్వం ఎడిటర్లు మూవియోలా యంత్రపు చిన్న అద్దంలోకి తల వంచి చూసేవారు. నేడు కంప్యూటరు ముందు గంటలకొద్దీ కూర్చొంటున్నారు. యంత్రం మారినా, చూపు ఎటు పోతే తల అటే పోతుంది. అందుకే తెరను కంటి ఎత్తుకు పెట్టుకొమ్మని వారికి చెబుతారు. మనం పొదుగును పైకెత్తలేము కనుక కిందికి దిగాలి.

పాటించవలసినవి:

1. పొట్టి పీట వేసుకొని పశువుకు దగ్గరగా కూర్చోవాలి. మెడను కాక, నడుము కింద తుంటి దగ్గర వంగాలి.

2. ధార కుదిరాక చూపుతో పనిలేదు, చేతికి తెలుసు. తల ఎత్తుకోవాలి.

3. ఒక్కో పశువు అయ్యాక లేచి, భుజాలు వెనక్కి తిప్పాలి.

4. నిటారుగా కూర్చొని గడ్డాన్ని మెల్లగా వెనక్కి జరిపి 5 సెకన్లు నిలపాలి. ఇలా 10 సార్లు చేస్తే మెడ ముందువైపు లోపలి కండరాలు బలపడతాయి. నొప్పి పెరిగితే మానాలి.

మెడనొప్పికి ఇతర కారణాలూ ఉంటాయి. చేయి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, నడక తడబడినా తైలాలతో, మెడ విరిపించుకోవడంతో కాలయాపన చేయక వైద్యునికి చూపించుకోవాలి.

పాలు పోయడానికి వచ్చే మహిళలకు ఈ పాఠం చదివి వినిపించవలసిందిగా సంఘ కార్యదర్శులను కోరుతున్నాము.