ప్రశ్నలు - జవాబులు: పందెపు సీటుకు పట్టాలు

ప్రశ్న (డల్లాసు నుండి ఒక పాఠకుడు): నా వద్ద మొదటి తరపు మాజ్దా మియాటా కారున్నది. సెలవుదినములలో ట్రాకు మీద నడుపుచుందును. నా ఎత్తు ఆరడుగుల ఒక అంగుళము. క్రొత్తగా కొన్న బకెట్ సీటును బజారులో దొరకు పట్టాల మీద బిగింపగా హెల్మెట్టు పైకప్పును తాకుచున్నది. పట్టాలను నేనే చేసికొనవచ్చునా? ఎచట మొదలుపెట్టవలెను?

జవాబు: తప్పక చేసికొనవచ్చును; మీ ఎత్తుగల వారికి ఆ కారులో అంతకంటె మేలైన మార్గము నాకు కనబడుట లేదు. 1989లో చికాగో ప్రదర్శనలో తొలిసారి లోకమునకు చూపబడిన ఆ రెండు సీట్ల చిన్న బండి, తేలికదనమే ప్రధానముగా రూపొందినది గనుక, దాని లోపలి చోటు కొలిచి ఇచ్చినట్లుండును. బజారు పట్టాలలోనో, ముందు వెనుకలకు జరుపు సాధనము, దానిపై మరల పక్క బ్రాకెట్లు, వీటి ఎత్తంతయు చేరి సీటును పైకెత్తివేయును. మీరొక్కరే నడుపు బండియైనచో ఆ జరుపు సాధనమును పూర్తిగా విడిచిపెట్టి, సీటును నేలకు రెండు వ్రేళ్ల ఎడముగా స్థిరముగా నిలుపుడు.

అయితే ఇనుము కోయుటకు ముందు మనిషి కూర్చుండవలెను. పాత సీటును తీసివేసి, క్రొత్తదానిని చెక్కముక్కల మీద నిలిపి, ట్రాకు మీద తొడుగు బూట్లతోను హెల్మెట్టుతోను అందు కూర్చుండి, అరగంట సేపు ఓపికతో ముక్కలు మార్చుకొనుచు చూడుడు: భుజములు సీటు వీపును విడువకుండ చేయి చాపినపుడు మణికట్టు స్టీరింగు పై అంచున ఆనవలెను, క్లచ్చిని నేలదాక తొక్కినపుడును మోకాలు కొంచెము వంగియే యుండవలెను, రోల్ బారు పైకొన నుండి ముందు అద్దపు చట్రము పై అంచునకు ఒక తిన్నని కర్రను పరచినచో అది మీ హెల్మెట్టుకు కనీసము రెండంగుళముల పైనుండి పోవలెను.

ఈ మూడును కుదిరిన పిదపనే అట్టముక్కలతో నమూనాలు కత్తిరింపుడు. నేలమీది నాలుగు రంధ్రములును ఒకే మట్టమున నుండునని తలపక, ప్రతిదానిని విడిగా కొలువుడు. ఎడమ కుడి పట్టాల మధ్య ఏ కొంచెము మెలి యున్నను, బోల్టును బిగించు బలము ఆ మెలిని సీటు డిప్పకు ఎక్కించును. ఫైబర్ డిప్ప ఆ ఒత్తిడిని కొన్నాళ్లు మోసి, బోల్టు చుట్టు వెంట్రుకవాసి బీటతో మొదలై విచ్చును. ఇందుకు నేను చేయు పరీక్ష యొక్కటే: నాలుగు పక్క బోల్టులును స్పానరు లేకుండ, వ్రేళ్లతోనే చివరి మరదాక తిరుగవలెను. తిరుగనిచో రంధ్రమును పెద్దది చేయక, సందులో వాషరు పెట్టియో, పట్టాను మరల కోసియో సరిచేయుడు. కారులో గుర్తులు గీసికొని, సీటును దూరముగ తీసిపెట్టి, వెల్డింగును బయట దళసరి ప్లేటుకు పట్టాను బిగించి చేయుడు. ఒకవైపు కొంత, రెండవవైపు కొంతగా వేయక ఒక్క ఊపున లాగినచో వేడి దానిని విల్లువలె వంచును.

ప్రశ్న (విజయవాడ ఆటోనగర్ నుండి ఒక పాఠకుడు): కోయంబత్తూరు కారీ ట్రాకు మీద నడుపుటకు సిద్ధపరచుచున్న ఒక రేసు కారుకు సీటు పట్టాలు చేయుమని మా షెడ్డుకు వచ్చినారు. బరువు తగ్గవలెనని అల్యూమినియము కోరుచున్నారు. ఏ లోహము, ఎంత దళసరి, ఏ బోల్టు వాడవలెను?

జవాబు: వెల్డింగు చేయదలచినచో ఉక్కునే వాడుడని గట్టిగా చెప్పుచున్నాను. 6061 రకపు గట్టి అల్యూమినియము వెల్డింగు వేడికి అతుకు చుట్టుపట్ల తన బలములో ఇంచుమించు సగము కోల్పోవును. తగ్గిన బలము పైకి కంటికి కనబడదు. ఎఫ్.ఐ.ఏ. నియమావళి ఉక్కు పట్టాకు కనీసము 3 మిల్లీమీటర్ల దళసరియు, తేలిక లోహమునకు 5 మిల్లీమీటర్లును, సీటుకు నాలుగు చోట్ల బిగింపును, 8 మిల్లీమీటర్లకు తగ్గని బోల్టులను విధించినది. మీ చెంత దొరకు ఎం.ఎస్. యాంగ్లరు ఈ పనికి చాలును.

బోల్టు తల మీద 8.8 అని ముద్ర యుండవలెను. ఆ తరగతి 8 మిల్లీమీటర్ల బోల్టు తెగుటకు ఇంచుమించు మూడు టన్నుల లాగుడు కావలెను గనుక, ప్రమాదమున సాధారణముగా తెగునది బోల్టు కాదు. మిల్లీమీటరుకు అటునిటుగా నుండు కారు నేల రేకు అరటియాకువలె చినిగి, బోల్టును నట్టుతోసహా పైకి వదలివేయును. అందుచేతనే ప్రతి బిగింపు క్రిందను 40 చదరపు సెంటీమీటర్లకు, అనగా రెండున్నర అంగుళముల చదరమునకు, తగ్గని ప్లేటును రేకునకు అవతలివైపు పెట్టవలెనని నియమము. ఆ ప్లేటు మూలలను గ్రైండరుతో గుండ్రముగా తీయుడు. వాడి మూల తానే రేకును కోయును.

నా అనుభవమొకటి చెప్పెదను. నేను తొలిసారి చేసిన పట్టాలు చదరపు పైపుతో చేసినవి. వెల్డింగు చక్కగా కుదిరినది, రంగు మెరసినది. ట్రాకు మీద పావుగంట నడిపిన తరువాత మలుపులలో సీటు క్రింద టక్కు టక్కుమని చప్పుడు వినవచ్చినది. విప్పి చూడగా, బోల్టు బిగించినకొలది పైపు గోడలు లోపలికి నొక్కుకొని, ఆ నొక్కు వలన బిగువు సడలియున్నది. పైపులో బోల్టు పోవుచోట గట్టి గొట్టపు ముక్కను అడ్డముగా నిలిపి వెల్డింగు చేసియుండవలసినది, చేయలేదు. నాడు నాకేమియు కాలేదు గాని, ఆ చప్పుడు నేటికిని మరపురాదు. మీరు పైపు వాడినచో ఆ ముక్కను మరువకుడు. లోపల నైలాను వలయముగల ఉక్కు నట్టులు వేసి, మొదటి పరుగు కాగానే మరల స్పానరు పెట్టి చూడుడు.

ప్రశ్న (హైదరాబాదు నుండి ఒక పాఠకుడు): నిత్యము ఆఫీసుకు తీసికొనిపోవు కారులో ఇట్టి సీటు బిగింపవచ్చునా?

జవాబు: వలదు. తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. చట్టమటుండగా, మీ సీటు పక్కలో ఎయిర్ బ్యాగు ఉండవచ్చును. పెక్కు కార్లలో బెల్టు బకిలు సీటు చట్రమునకే బిగించియుండును గనుక, సీటు తీసినపుడు బకిలును దానితోనే పోవును. దానిని ఇంట చేసిన పట్టాకు తగిలించినచో, ఎదురుదెబ్బ తగిలిన క్షణమున మీ శరీరపు బరువులో పెద్ద పాలు ఆ పట్టా మీదనే పడును. ట్రాకు కొరకే వేరొక బండి యుంచుకొన్ననాడు, తొడల బెల్టు సీటు అంచుల మీదుగా కాక సీటులోని రంధ్రముల గుండ పోయి కారు నేలకే బిగియునట్లు చేయింపుడు. అపుడు పట్టాల కొలతలు నాకు వ్రాసి పంపినచో ఓపికగా చూచెదను.