ఎంతసేపు ఆగాలో డ్రైవర్‌కి తెలియదమ్మా

అమ్మడూ,

నీ ఏడీసీ కార్డుతో స్కాన్ చేస్తూ ఛానెల్‌కీ ఛానెల్‌కీ మధ్య డిలే 50 మైక్రోసెకన్లు పెట్టినా రెండో ఛానెల్ 67 మిల్లీవోల్టులు చూపిస్తోందనీ, 64 రీడింగుల సగటు కట్టినా అంకె కదలడం లేదనీ రాశావు. కదలదు. సగటుతో నాయిస్ తగ్గుతుంది గానీ, ఎప్పుడూ ఒకే వైపు ఉండే తప్పు ఎలా పోతుంది? అది పక్క ఛానెల్ 10 వోల్టుల తాలూకు మిగులు. నమ్మకం లేకపోతే ఒకటో ఛానెల్‌ని కూడా గ్రౌండ్ చెయ్యి, రెండోది సున్నాకి దిగుతుంది. ఈ చిన్న పరీక్ష చెయ్యకుండా సోల్డరింగ్ అంతా మళ్ళీ చేశావు చూడు, అందుకు నిన్ను తిట్టాలి.

రెండో ఛానెల్‌కి గ్రౌండ్ లక్ష ఓమ్‌ల రెసిస్టర్ గుండా ఇచ్చావు. ఛానెళ్ళు మార్చే మల్టిప్లెక్సర్ దగ్గర 100 పికోఫారడ్‌లు ఉన్నాయనుకుంటే టైమ్ కాన్‌స్టంట్ 10 మైక్రోసెకన్లు. నువ్విచ్చిన 50లో అలాంటివి అయిదే గడిచాయి, 10 వోల్టుల్లో ఇంకా 0.67 శాతం మిగిలింది. నీ 67 అదే. 12 బిట్లలో సగం ఎల్‌ఎస్‌బీకి దిగాలంటే తొమ్మిది కావాలి, అంటే 90 మైక్రోసెకన్లు. 16 బిట్లకైతే దాదాపు పన్నెండు.

ఆ 90ని డ్రైవర్‌లోనే రాసేయనా అన్నావు. వద్దు. ఆ లక్ష ఓమ్‌లు నీ టేబుల్ మీదివి, కార్డువి కావు. ఇంకొకరు 50 ఓమ్‌ల సోర్స్ తగిలిస్తే వాళ్ళ వేగాన్ని నువ్వెందుకు తగ్గించాలి? కార్డుకి కావలసిన కనీస సమయం దగ్గర డ్రైవర్ పట్టుబట్టాలి, ఆపైన వాడుకునేవాళ్ళ ఇష్టం. లినక్స్‌లో ఇలాంటి కార్డుల డ్రైవర్లకి వాడే కోమెడీలో స్కాన్‌కి కన్వర్ట్_ఆర్గ్ ఉంది, ఒక్క రీడింగ్‌కి కోమెడీ_డేటా_రీడ్_డిలేడ్ ఉంది.

ఈ రెండోది నీ డ్రైవర్‌లో పనిచెయ్యదు. ఎందుకో చూశావా? అది ముందు సున్నా శాంపిళ్ళు అడుగుతుంది, తర్వాత ఆగుతుంది, ఆ తర్వాతే చదువుతుంది. ఆ సున్నా శాంపిళ్ళ పిలుపు మల్టిప్లెక్సర్‌ని తిప్పడానికే. నువ్వేమో తిప్పే లైను ఫర్ లూప్ లోపల పెట్టావు. సున్నాకి లూప్ తిరగదు, స్విచ్ మారదు, ఆగినదంతా పాత ఛానెల్ మీదే ఆగినట్టు.

ఇంకొకటి, నేనెప్పుడూ పోరేదే. పీసీఐ కార్డు రిజిస్టర్‌లో మెమరీ రైట్ చేస్తే అది ఆ క్షణమే చేరిందనుకోకు. డబ్బాలో వేసిన ఉత్తరం అందినట్టు కాదుగా! రైట్ దారిలో ఏ బ్రిడ్జిలోనో ఆగి ఉండగా ఆగడానికి నువ్వు పెట్టిన యూడిలే ఇక్కడ లెక్క మొదలెట్టేస్తుంది. రైట్ చేశాక అదే కార్డులో చదివినా ఏమీ కాని రిజిస్టర్ ఒకటి చదువు. జవాబు వచ్చిందంటే ముందటి రైట్ చేరినట్టే. అక్కణ్ణించి లెక్కపెట్టు. 90 మైక్రోసెకన్లలో ఈ తేడా తెలియదు, 5 పెట్టిననాడు తెలుస్తుంది.

ముందు ఆ లైను లూప్ బయటికి తీసుకురా. ఛానెళ్ళని ఒకసారి వరసగా, ఒకసారి తిరగేసి స్కాన్ చేసి, రెండు పట్టీలూ నాకు పంపు. సగటు కట్టకుండా పంపు.

పెదనాన్న