నెయ్యి డబ్బా - మన గుండె

పండుగ సెలవులు ముగిశాక ఇంటి నుండి నెయ్యి డబ్బా తెచ్చుకొని, మన తిమ్మాజిపేట హాస్టల్‌లో నెలల తరబడి దాచుకుంటాం. దానిలో ఏం జరుగుతుందో తెలుసుకుందాం.

కొలెస్ట్రాల్ మనకు శత్రువు కాదు. కాలేయం దానికి ఆక్సిజన్ చేర్చి, కొవ్వు అరగడానికి తోడ్పడే పైత్యరస ఆమ్లాలుగా మారుస్తుంది. కాని నెయ్యిని ఎక్కువసేపు మరిగించినా, గాలి, వెలుతురు తగిలేలా ఉంచినా అందులోని కొలెస్ట్రాల్ ఆక్సీకరణం చెందుతుంది. ఇలా ఏర్పడే 7-కీటోకొలెస్ట్రాల్ వంటివి రక్తనాళాల కణాలను దెబ్బతీస్తాయని ప్రయోగాల్లో తేలింది.

తాజా వెన్నలో కనిపించని ఈ పదార్థాలు మన దేశపు నెయ్యిలో ఉన్నాయని, విదేశాల్లోని భారతీయుల గుండెజబ్బులకు ఇదొక కారణం కావచ్చని 1987లో జాకబ్సన్ 'లాన్సెట్' పత్రికలో రాశారు. అది ఇంకా రుజువు కాలేదు.

కావున మిత్రులారా! నెయ్యి మానవద్దు. కొంచెమే తెచ్చుకుందాం, మూత బిగిద్దాం, మళ్లీ మళ్లీ కాచవద్దు.